నాలుగో కాలు

కల్కెరె చెరువు గట్టు తిరిగొచ్చేసరికి
జాంగ్రీకి పొట్ట దాకా ఎర్రమన్ను.
కావేరి పైపులకని వీధంతా తవ్విపోసి
మూడు నెలలయింది.
మధ్యాహ్నం ఓ వాన పడితే చాలు,
మా రామ్మూర్తినగర్‌లో
రోడ్డేదో గొయ్యేదో నాకు తెలీదు.
కుక్కకి తెలుసు.
తెలిసే గోతిలోంచి నడుస్తుంది.

గేటు లోపల, కరెంటు మీటరు డబ్బా కింద
మా ఇద్దరికీ ఓ చోటుంది.
నీలం మగ్గు. సగం బకెట్టు గోరువెచ్చని నీళ్ళు,
సగమే, ట్యాంకరు నీళ్ళకి లెక్కుంటుంది.
అరిగిన టూత్‌బ్రష్షు.
నా పాత లుంగీ చింపిన ముక్కలు రెండు.

వాచీల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
ఆవగింజంత పళ్ళచక్రాలు తుడిచిన చేతులివి.
ఇప్పుడు కుక్క వేళ్ళ సందుల్లో
ఇసుక వెతుకుతున్నాయి.
పని పెద్దగా మారలేదు.
చక్రాలు నా మొహం నాకేవి కావు, అంతే.

ముందు కుడికాలు తనే ఇస్తుంది.
షేక్‌హ్యాండ్ నేర్పించారెవరో.
ఎవరో ఏమిటి, అతనే.
ముందు ఎడమది, అడిగితే.
వెనక కుడిది, బతిమాలితే.
నాలుగోది ఇవ్వదు.
దానిమీద కూలబడిపోతుంది,
కోర్టు కాగితాల మీద
చివరి సంతకం పెట్టని మనిషిలా.

"ఏన్ సార్, పాదపూజేనా?"
మేడమీంచి గురుమూర్తి, రోజూ.
రోజూ నవ్వుతాను.
ఇవాళ ఆ నవ్వు గొంతు దాకా వచ్చి ఆగింది.

నిజమే, ఈ చేతులు ఇంతకు ముందు
ఒక్కరి కాళ్ళే కడిగాయి.
ఆరేళ్ళ కింద, హెణ్ణూరు రోడ్డు కల్యాణ మంటపంలో,
సుభద్ర చెంబుతో నీళ్ళు పోస్తుంటే,
వెండి పళ్ళెంలో.
ఆ కాళ్ళకి మన్ను లేదు.
గోళ్ళు చక్కగా కత్తిరించి ఉన్నాయి.
కడగడానికేమీ లేని కాళ్ళు కడిగి
ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాను.
ఫొటోగ్రాఫరు "ఇంకోసారి సార్" అంటే
ఇంకోసారి.

మృణాల తిరిగొచ్చిన రోజు
ఆటోలోంచి రెండు సూట్‌కేసులు, ఒక కుక్కరు, జాంగ్రీ దిగాయి.
పళ్ళెం అక్కడే ఉండిపోయింది.
దాని గురించి ఎవరూ అడగలేదు.
నేను అసలేమీ అడగలేదు.
కుక్క మాత్రం గుమ్మంలో ఆగి
లోపలికి రావచ్చా అన్నట్టు నా వంక చూసింది.
ఆ రోజూ వానే. కాళ్ళనిండా మన్ను.
ఏం చెయ్యాలో తోచక మగ్గు తెచ్చాను.

పొట్ట కింద మన్ను రుద్దకూడదు,
ఆరనిస్తే దానంతటదే రాలిపోతుందని
పాలబ్బాయి చెప్పాడు.
నిజంగానే రాలిపోతుంది.
పొద్దున్నే సుభద్ర చీపురు పట్టుకుని
మా ఇద్దర్నీ కలిపి తిడుతుంది, అది వేరే సంగతి.

లుంగీ గుడ్డ అందుకునేలోపే
ఒళ్ళంతా ఒక్క విదిలింపు.
నా కళ్ళజోడు, చొక్కా, మీటరు డబ్బా,
గురుమూర్తి స్కూటరు సీటు,
అన్నిటిమీదా ఎర్రచుక్కలు.
"అయిందా అభిషేకం?" లోపల్నించి.
నా నెత్తిమీదా పడ్డాయి నాలుగు చుక్కలు.
ఇవి నేను చల్లుకున్నవి కావు.

బకెట్టులో నీళ్ళు చిక్కటి టీ రంగు.
కరివేపాకు మొదట్లో పారబోస్తాను.
నాలుగో కాలు ఇవాళా మిగిలిపోయింది.
పట్టి లాగితే మూలుగుతుంది.
డాక్టరు నొక్కి చూసి, వంచి చూసి
ఏమీ లేదన్నాడు.
ఏమీ లేకపోతే మూలుగుతుందా?
వదిలేస్తాను.

తొమ్మిదిన్నరకి మృణాల ఆఫీసు నుంచి వచ్చి
చెప్పులు విప్పుతూ నేల వంక చూసింది.
గుమ్మం నుంచి తన మంచం దాకా
ఒంటికాలి గుర్తులు, ఎర్రగా, ఆరిపోయి.
"ఇవాళా ఇవ్వలేదా?"
"లేదమ్మా."
"నాకూ ఇవ్వదు," అంది.

అతనికిచ్చేదేమో. అడగను.
తడిగుడ్డ మీటరు డబ్బా మీదుందని
చెప్పాను.